అడ్డెడు మనిషి, కుంచెడు మనిషి

నిన్న బంటుమిల్లి నుంచి వస్తుంటే దారిలో బస్సు ఆగింది. కిటికీలోంచి లేత వరినారు వాసన, పచ్చిదనమూ బురదా కలిసి గుప్పున కొట్టేసరికి, ఎనభై దాటిన నేను నడుంనొప్పి మరిచిపోయి లేచి నిలబడ్డాను. చేలో మనుషులు లేరు. ఒక కుర్రాడు మెషిన్ మీద కూర్చుని నాట్లు వేస్తున్నాడు.

మా చిన్నప్పుడు దివిసీమలో ఆషాఢం వచ్చి కాలవలు వదిలారంటే చాలు, మా పేటలో ఆడవాళ్ళంతా తెల్లారకుండానే లేచి, రాత్రి నీళ్ళు పోసి ఉంచిన చద్దన్నంలోకి ఉల్లిపాయ కొరుక్కుని, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప నంచుకుని, జట్టుగా నాట్లకి బయల్దేరేవారు. నేను తమ్ముణ్ణి చంకనేసుకుని వెనకాలే నడిచి, గట్టు మీద తాటాకు గొడుగు కింద వాణ్ణి కూర్చోబెట్టి, పీత బొరియల్లో పుల్లలు పెట్టి ఆడించేదాన్ని. చేలో ఒక్కొక్కరూ తమ వంతు పట్టీ, అదే మునుం, పట్టుకుని, వంగిన నడుం ఎత్తకుండా, ఒకరినొకరు వేళాకోళాలు ఆడుకుంటూ వెనక్కి వెనక్కి నాటుకుంటూ పోయేవారు.

మా అమ్మమ్మ దీనమ్మకి అప్పటికే చెయ్యి నెమ్మదించింది గానీ నోరు నెమ్మదించలేదు. పొద్దు వాలాక కామందుగారి అరుగు దగ్గర వయసులో ఉన్న ఆడవాళ్ళకి కుంచెడు వడ్లు కొలిచి, ముసలివాళ్ళకీ పిల్లలకీ అందులో సగం, అడ్డెడు కొలిచేవారు. 'అడ్డెడు మనిషి' అని పేరు కూడా పెట్టారు. ఆ మాట వింటే అమ్మమ్మకి ఒళ్ళు మండిపోయేది. ఆ యేడు కూలీలూ రైతులూ మా ప్రార్థన పాక ముందు కూర్చుని కూలి రేటు కడుతుంటే, ఆవిడ కొంగు దోపుకుని లేచింది.

"నా మీద వాన సగవే కురుస్తందా అయ్యా? జలగ నన్ను సగవే పీలుస్తందా?"

అందరూ నవ్వారు. అయితేనేం, ముసలైనా పడుచైనా మడిలో దిగిన ఆడమనిషికి కుంచెడే అని తీర్మానమైంది. సర్కారు చట్టాలు ఆ తర్వాతెప్పుడో వచ్చాయి. మా పేటకి మాత్రం చట్టం మా అమ్మమ్మ నోట్లోంచే వచ్చిందని నాకు ఇప్పటికీ గర్వం.

ఆ సాయంత్రమే కామందుగారి పాలేరు మర్నాటి పనికి పిలవడానికి వచ్చి, మా గుమ్మంలో అమ్మ పేరు ఒక్కటే చెప్పాడు.

"నిండు కూలికి నిండు మనుషులే కావాలన్నారు దీనమ్మత్తా, నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు తల గోక్కుంటూ.

అయినా అమ్మమ్మ రోజూ తెల్లారేసరికి సత్తుగిన్నెకి గుడ్డ కట్టుకుని గుమ్మంలో కూర్చునేది. జట్టు వెళ్ళిపోయాక ఆ మూట విప్పి అన్నం మాకే పెట్టేసేది. కూర్చుని తినే ముద్ద గొంతు దిగదు అనేది. అలా వారం తిరక్కుండానే ఎవరికీ చెప్పకుండా కామందుగారింటికి వెళ్ళి, అడ్డెడే ఇప్పించండి, పన్లోకి వస్తాను అని చెప్పి వచ్చింది. ఆయన ఊరుకుంటాడా, గట్టు మీద నిలబడి అందరికీ వినపడేలా అననే అన్నాడు. "మీ దీనమ్మే అడ్డెడికి వస్తానంటంటే మీకు కుంచాలెందుకే?"

చేలో వేళాకోళాలు ఆగిపోయాయి. ఇంటికొచ్చీ రాగానే అమ్మ విరుచుకుపడింది.

"నువ్వు కట్టించిన కూలి నువ్వే పడగొడతావా అమ్మా?"

"ఇంట్లో కూచున్నదానికి కుంచెడు ఎవడు కొలుస్తాడే?"

ఇద్దరూ ఏడ్చారు, వాళ్ళని చూసి నేనూ ఏడ్చాను. తర్వాత ఎన్నో ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను గానీ, ఆ ఇద్దరిలో ఎవరి మాట తప్పో నాకింకా తేలలేదు.

జట్టు మాత్రం తెల్లారేసరికల్లా తేల్చేసింది. అమ్మమ్మని వెంటబెట్టుకుని వెళ్ళి ఒక్కరూ మడిలో దిగకుండా గట్టు మీదే నిలబడ్డారు. పక్కింటి రాహేలత్త ముందుకొచ్చి, "దీనమ్మత్త కుంచెడికే వస్తదండీ. మా మధ్యన నిలబడతది. ఆవిడ మునుం వెనకబడితే మేం చూసుకుంటాం. కాదంటే మేవెవరం దిగం" అంది. కామందుగారు నారుమడి వంక చూసుకున్నారు. నారు ముదిరిపోతోంది.

"మడి నిండితే నాకు చాలు, ఎవరు నాటితే ఏం! దిగండి దిగండి" అన్నారు.

ఆ రోజు అమ్మ ఒక పక్క నుంచీ రాహేలత్త ఇంకో పక్క నుంచీ చెయ్యి చాపి అమ్మమ్మ మునుంలో నాలుగేసి మొక్కలు గుచ్చుతుంటే, ఆవిడ ఊరుకుందా? "వంకరగా గుచ్చి నా పేరు చెడగొట్టకండే!" అని ఇద్దర్నీ తిట్టిపోసింది.

సాయంత్రం కుంచెడు వడ్లు ఒళ్ళో పోయించుకుని, కాలవగట్టు మీదకి వచ్చాక ఆగి, దోసిలి నిండా తీసి రాహేలత్త ఒళ్ళో పోయబోయింది. రాహేలత్త ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"మళ్ళీ అడ్డెడు మనిషివవుతావా అత్తా?"

అమ్మమ్మ దోసిట్లో వడ్లు తన ఒళ్ళోనే పోసుకుని, కొంగు గట్టిగా బిగించి ముడేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా నడిచింది.

బస్సు కదిలింది. కుంచాలూ అడ్డలూ పోయాయి, పోతే పోయాయి. ఇప్పుడు కూలి ఎంతో సర్కారే చెబుతోంది, సంతోషమే. మెషిన్ వేసిన వరసలు తాడు పట్టి నాటినట్టు తిన్నగా ఉన్నాయి, అమ్మమ్మ చూస్తే మెచ్చుకునేది కూడాను. ఆ వరసల మధ్య ఆవిడ నిలబడ్డానికి చోటు ఎక్కడైనా ఉందా అని, చేను కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాను.