వెర్లిన్ జోస్యంలో మొదటి పేరు

మా ఊళ్లో వెర్లిన్ హౌక్ తివాచీలు అమ్ముతాడు. మొగుడూ పెళ్లాం కొట్లో అడుగుపెట్టి నాలుగు నమూనాలు తిరగేసేలోపే వాళ్లు ఏది కొనుక్కుపోతారో అతనికి తెలిసిపోతుంది. తెలిసినా చెప్పడు. వాళ్లు గంటసేపు పోట్లాడుకుని చివరికి అదే చూపిస్తే, ఏమీ ఎరగనట్టు బిల్లు రాస్తాడు. అలాంటి మనిషి ఇంట్లో ముందుగది మాత్రం పాత తివాచీ పీకేసిన దగ్గర్నుంచీ ఉత్త చెక్కమీదే ఉంది. కొత్తది ఏది వెయ్యాలో ఇన్నేళ్లుగా తేల్చుకోలేకపోయాడు. వాళ్లావిడ జోలీన్ ఆ చెక్క ఊడ్చినప్పుడల్లా నాకు ఫోన్ చేసి మొగుణ్ణి తిడుతుంది. నేను ఆవిడ పక్షమే.

నా పేరు మార్లిస్. ఐయోవా మంచులో స్కూలు బస్సు నడిపి నడిపి రిటైరయ్యాను. వెర్లిన్‌తో నాకున్న సంబంధమల్లా బేస్‌బాల్. మైదానంలో ఆడేది కాదు, కంప్యూటర్ ఆడించేది. మేం పన్నెండుమందిమి, తలా ఒక జట్టు. ఆ జట్లలో ఆటగాళ్లు ఎవరూ భూమ్మీద లేరు. యంత్రమే పేరూ వయసూ పెట్టి, ఒకడికి మంచి చూపు, ఇంకొకడికి చెడ్డ మోకాలు ఇచ్చి పుట్టిస్తుంది. లేని ఆటగాడి మోచెయ్యి బెణికిందంటే నాకు తిండి సయించదు. మా చెల్లెలు ఇది చూసి నవ్వుతుంది. నవ్వుకోనీ, ఆవిడ కుక్కకి స్వెట్టర్లు అల్లుతుంది.

ఏటా ఫిబ్రవరిలో యంత్రం కొత్త కుర్రాళ్లను పుట్టిస్తుంది. ఒక శనివారం మధ్యాహ్నం బంతి దొర్లించి కర్రలు పడగొట్టే బౌలింగ్ హాలు వెనకగదిలో కూర్చుని, వేయించిన చీజ్ ముక్కలు తింటూ, వంతులవారీగా వాళ్లను ఎంచుకుంటాం. దాన్నే డ్రాఫ్ట్ అంటాం. ఏడాదంతా మేం బతికేది ఆ ఒక్క పూట కోసమే. దానికి ముందు బుధవారం వెర్లిన్ తన జోస్యం పంపుతాడు. మొదటి అయిదుగురు కుర్రాళ్లు ఎవరు, ఎవరి జట్టుకి పోతారు అని. బౌలింగ్ హాలువాళ్లు దాన్ని, ఆడటానికొచ్చేవాళ్లకి అద్దెకి బూట్లిచ్చే చోట గోడకి అంటిస్తారు. ఆట సంగతి తెలియనివాళ్లు కూడా ఆగి చదువుతారు.

అసలు కిటుకేమిటంటే, వెర్లిన్ కుర్రాళ్లను చూసి చెప్పడు, మమ్మల్ని చూసి చెబుతాడు. మా ఆట నడిపే కర్టిస్ కిందటి ఏడాది పిచర్లను నమ్ముకుని, అంటే బంతి విసిరేవాళ్లను నమ్ముకుని మునిగాడు కాబట్టి ఈసారి కొట్టేవాడి మీద పడతాడు, ఇలా ఉంటుంది అతని లెక్క. అందరూ 'ప్రవక్తగారూ' అని పిలిచి ఏడిపిస్తారు గానీ, మొదటి పేరు విషయంలో అతను తప్పడం నేను చూడలేదు. ఒక ఏడాది మూడో పేరు దగ్గర నేను ఎడమచేతి పిచర్‌ని తీసుకుంటానని రాశాడు. నిజంగానే వాణ్ణే అనుకుని ఉన్నాను. గోడమీద నా మనసు అందరూ చదువుతుంటే ఒళ్లు మండి ఇంకొకణ్ణి తీసుకున్నాను. వాడు రెండేళ్లు బెంచీ అరగదీసి పోయాడు. ఫలానా పని మార్లిస్ చేస్తుంది అని ఎవరైనా అంటే, ఆ పని నా చేత దేవుడు కూడా చేయించలేడు. ఇందులో గొప్పేమీ లేదు, పుట్టుబుద్ధి అంతే.

మరి ఇంత తెలిసినవాడి జట్టు ఎలా ఉండాలి? అడుగున ఉండేది. తన వంతు వచ్చేసరికి నీళ్లు నమిలేవాడు. పక్కవాళ్ల మొహాలు చూసి, వాళ్లు ఎవర్ని మెచ్చుకుంటే వాణ్ణి తీసుకునేవాడు. మా దగ్గర ఒక నియమం ఉంది. వరసగా మూడేళ్లు అడుగున ఉంటే ఆ మనిషి కుర్చీ మీద ఓటింగ్ పెట్టాలి, పొమ్మంటే పోవాలి, బయట ఎదురుచూస్తున్నవాళ్లలో ఒకరికి ఆ జట్టు ఇవ్వాలి. ఆ నియమం పెట్టించింది నేనే. ఒకాయన జట్టు తీసుకుని రెండేళ్లపాటు దానివైపు చూడకుండా వదిలేస్తే కడుపు మండి పెట్టించాను. వెర్లిన్ కోసం కాదు. కానీ కిందటి ఏడాదికి వెర్లిన్ వరసగా రెండుసార్లు అడుగున ఉన్నాడు.

అలాంటి ఏడాదే అతనికి మొదటి వంతు తగిలింది. మొదటి వంతులు ఎవరివో తేల్చడానికి, డ్రాఫ్ట్‌కి వారం ముందు పట్టికలో చివరి నలుగురి పేర్లూ టోపీలో వేసి తీస్తాం. మొదట వెర్లిన్ చీటీ వచ్చింది. ఆ తర్వాతది నాది. అందరూ చప్పట్లు కొట్టారు. కర్టిస్ చీటీ ఊపుతూ, "ఇప్పుడు చెప్పండి ప్రవక్తగారూ, ఈ వెర్లిన్ అనేవాడు ఎవర్ని తీసుకుంటాడంటారు?" అన్నాడు. గది గదంతా పగలబడి నవ్వింది. వెర్లిన్ నవ్వలేదు.

ఆ ఏడాది కుర్రాళ్లలో లెక్కకొచ్చేవాళ్లు ఇద్దరే. ఒకడు బ్రానిగన్, కాలేజీ చదువు ముగించి వచ్చిన పిచర్. రేపు పొద్దున జట్టులో పెడితే రేపు పొద్దున్నే గెలిపిస్తాడు. రెండోవాడు ఫెర్రాంటే, పద్దెనిమిదేళ్లవాడు. ఇప్పుడు ఎందుకూ పనికిరాడు. నాలుగేళ్లు పెంచితే మా ఆటలో అలాంటివాడు ఇంతవరకూ పుట్టలేదనిపించుకుంటాడు. కుర్చీ దక్కాలంటే వెర్లిన్‌కి బ్రానిగన్ కావాలి. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది? నాకైతే ఏమీ కనపడలేదు. అతను బ్రానిగన్‌ని తీసుకుంటే ఫెర్రాంటే నాకు మిగులుతాడు, నాకు కావలసిందీ అదే.

ఆ వారమంతా వెర్లిన్ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పొద్దున బ్రానిగన్ అనేవాడు, మధ్యాహ్నానికి ఫెర్రాంటే. జోలీన్ ఫోన్ చేసి, కాఫీ కప్పు పట్టుకుని చెక్కమీద అటూ ఇటూ నడుస్తున్నాడని, టకటక శబ్దానికి తన తల పగిలిపోతోందని మొరపెట్టుకుంది. నాకూ కాలు నిలవలేదు. అతను ఏమంటాడో తేలితే గానీ నా వంతు తేలదు. మంగళవారం ఇక ఉండబట్టలేక కొట్టుకి వెళ్లాను. తివాచీ చుట్టల మధ్య నిలబడి ఉన్నాడు. కొనడానికి వచ్చినవాళ్లు చూసి చూసి వెళ్లిపోతున్నా పట్టించుకోవడం లేదు.

"నువ్వే చెప్పు మార్లిస్, నేను ఎవర్ని తీసుకుంటాను?"

"నన్నడుగుతావేంటయ్యా? జోస్యాలు చెప్పేది నువ్వు కదా!"

"మీ పదకొండుమంది సంగతీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నా దగ్గరికొచ్చేసరికి ఏమీ కనపడట్లేదు."

బ్రానిగన్‌ని తీసుకుని కుర్చీ దక్కించుకోమని గట్టిగా చీవాట్లు పెట్టాను. బుద్ధిగా తల ఊపాడు. నా లాభం కూడా చూసుకునే ఆ మాట చెప్పాననుకోండి, అంతమాత్రాన మంచి సలహా కాకుండా పోదు. బుధవారం జోస్యం వచ్చింది. మొదటి పేరు బ్రానిగన్, వెర్లిన్ జట్టుకి. రెండో పేరు ఫెర్రాంటే, మార్లిస్ జట్టుకి. ఈసారి గోడమీద నా మనసు చూసినా నాకు కోపం రాలేదు. ఫెర్రాంటేని కుర్రాళ్లు ఆట నేర్చుకునే కింది జట్టులో ఎన్నాళ్లు ఉంచి పెంచాలో కూడా ఆలోచించేసుకున్నాను.

శనివారం వెర్లిన్ లేచి నిలబడ్డాడు. పేరు చెప్పమన్నాడు కర్టిస్. వెర్లిన్ ఒకసారి మా మొహాలన్నీ చూశాడు. ఆ తర్వాత కళ్లు కిందికి దించుకుని ఫెర్రాంటే అన్నాడు.

ఇక గోలే గోల. కర్టిస్ గోడమీది కాగితం పీక్కొచ్చి అందరికీ చూపించాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. వాడు పెద్దవాడయ్యేసరికి నీకు కూర్చోడానికి ఇక్కడ కుర్చీ ఉండదు, మతి గానీ పోయిందా అని అందరిముందూ అరిచాను. మనిషి చెమటలు కక్కుతున్నాడు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది అతనే. "రాసేటప్పుడు బ్రానిగనే మార్లిస్," అన్నాడు. "ఫెర్రాంటేని నీకు వదిలెయ్యాలంటే చేతకాలేదు." నేను కోపంగానే బ్రానిగన్‌ని తీసుకున్నాను.

బ్రానిగన్ నేను చెప్పినట్టే గెలిపించాడు. వెర్లిన్ జట్టు వర్షాకాలపు గోడలా కూలింది. ఇదివరకు ఓడినప్పుడు భుజాలు ఎగరేసి ఊరుకునేవాడు, ఈ ఏడాది అలా ఊరుకోలేదు. రోజూ జట్టు మార్చేవాడు, మార్చినదాన్ని మళ్లీ మార్చేవాడు. కింది జట్టులో ఫెర్రాంటే ఒక బంతి గట్టిగా కొడితే చాలు, నాకు ఫోన్ చేసి అది ఎక్కడ పడిందో చెప్పేవాడు. నాకెందుకయ్యా అంటే వినేవాడు కాదు. వేసవికల్లా ఆ కుర్రాడి సంగతులు నాకు మా మనవల సంగతులకంటే ఎక్కువ తెలుసు. అడుగునుంచి తప్పించుకోవడానికి చివరి ఆట గెలిస్తే సరిపోయేది. ఆ ఆట నా జట్టుతో పడింది. బ్రానిగన్ విసిరాడు, వెర్లిన్ ఓడిపోయాడు.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. డ్రాఫ్ట్ మొదలుపెట్టే ముందు ఓటింగ్. ఎవరి కుర్చీ మీద ఓటో ఆ మనిషి గదిలో ఉండకూడదు. నేను కారు దిగేసరికి వెర్లిన్ బయట మంచులో నా కోసం కాచుకుని ఉన్నాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"ఆరుగురు పొమ్మంటారు, అయిదుగురు ఉండమంటారు," అన్నాడు. పొమ్మనేవాళ్లలో అయిదుగురి పేర్లూ గడగడా చెప్పాడు. "ఆరో చెయ్యి నీది."

"నా చెయ్యి సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. నియమం పెట్టించిందే నువ్వు. నిన్ను నేను ఎరగనా?"

నిజానికి నేను ఎత్తుదామనే వచ్చాను. నియమం అన్నాక నియమమే, స్నేహితుడికి ఒకటీ ఇంకొకరికి ఒకటీ ఉండదని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఆ మనిషి నా మొహం మీదే అలా అంటుంటే పీక పిసకాలనిపించింది. విసురుగా లోపలికి వెళ్లిపోయాను.

పొమ్మనేవాళ్లు చెయ్యి ఎత్తండి అన్నాడు కర్టిస్. చేతులు లేచాయి. సరిగ్గా అతను చెప్పినవాళ్లవే, ఒక్కటి కూడా తేడా లేదు. అందరూ నావైపు చూశారు, నియమం పెట్టించినావిడ కదా. నేను చీజ్ ముక్కొకటి తీసుకుని నోట్లో వేసుకున్నాను. కర్టిస్ రెండోసారి అడిగాడు. నేను నములుతూనే ఉన్నాను.

అతని కుర్చీ దక్కింది. ఆ కబురు నేనే చెబుతానని లేచాను. సంతోషంతో కాదు, పగ తీర్చుకోడానికి. వెర్లిన్ బూట్లిచ్చే చోట, ఈ ఏడాది జోస్యం అంటించని ఖాళీ గోడ ముందు నిలబడి ఉన్నాడు.

"తప్పావయ్యా ప్రవక్తా! నా చెయ్యి లేవలేదు. నన్ను ఎరుగుదువన్నావుగా?"

అతను కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. గోడకి చేరగిలబడ్డాడు.

"అది జోస్యం కాదు మార్లిస్. నాకు ఇక్కడ ఉండాలని ఉంది. ఆ కుర్రాడు పెద్దవాడవడం చూడాలి. కాళ్లు పట్టుకుని అడుగుదామనే బయట నిలబడ్డాను. కానీ అడిగితే నువ్వు నియమం చదువుతావు."

తిట్టడానికి నోరు తెరిచాను. తెరిచి, లోపల డ్రాఫ్ట్ మొదలవుతోంది పదమన్నాను. నిజమే, చదివేదాన్ని.