తాతయ్య అల్లిన కొస

నా చిన్నప్పుడు మా బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో చలికాలం వచ్చిందని తెలియడానికి క్యాలెండరు అక్కర్లేదు. మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్ళు వాకిళ్ళలో ఎండకు వీపులు పెట్టి కూర్చుని ఊలు అల్లడం మొదలుపెట్టారంటే చలి దగ్గర పడినట్టే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్ళకు పుట్టిన ఊళ్ళలో స్వెటరుతో పని లేదు. దుప్పటి కప్పుకుంటే ఆగిపోయే చలి అక్కడిది. ఇక్కడికి వచ్చాకే పక్క క్వార్టర్ల హిందీవాళ్ళ దగ్గర అల్లిక నేర్చుకున్నారు. అందుకే మా ఇళ్ళలో అల్లికకు తెలుగు మాటలు లేవు. ముందు వైపు కుట్టు సీధా, వెనక వైపు కుట్టు ఉల్టా. మా నాయనమ్మ దేవుడి పాట తెలుగులో పాడుకుంటూనే మధ్యలో సీధా, ఉల్టా అని గొణుక్కునేది.

నాకప్పుడు పదో ఏడు. మా చెల్లెలు ఈ సంగతి ఎవరికైనా చెప్పేటప్పుడు నాకు ఎనిమిదేళ్ళని చెబుతుంది. అది తప్పు. బడిలో భాగహారాలు అయిపోయి భిన్నాలు మొదలైన ఏడు అది. అంటే ఐదో తరగతి. ఇలాంటి విషయాల్లో నేను పొరపాటు పడను.

మా తాతయ్య బొగ్గింజను డ్రైవరు. ఆయన బండి ఆపితే ఆగవలసిన గుర్తు దగ్గరే ఆగేదని, ఒక అడుగు అటూ ఇటూ అయ్యేది కాదని ఇంజన్ల షెడ్డులో చెప్పుకునేవారు. ఇంట్లోనూ అంతే. చెప్పులు గోడకు సమంగా ఉండాలి. టిఫిను డబ్బా పిడి ఎప్పుడూ ఒకే వైపుకు తిరిగి ఉండాలి. మంచినీళ్ళ గ్లాసు పక్కకు జరిగినా ఆయన చెయ్యి దానంతట అదే వెళ్ళి సర్దేది. ఆ గుణం నాకు ఆయన దగ్గర నుంచే వచ్చిందని అందరూ అనేవారు. అయితే ఆయనకు పని తప్ప మరో సరదా లేదు. పేకాట ఆడడు, భజనకు వెళ్ళడు, సినిమా చూడడు. సెలవు రోజున కూడా ఒకసారి షెడ్డు దాకా నడిచి వస్తే గాని ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడు నవంబరు నెలాఖరుకు ఆయన రిటైరు కావాలి. మా నాన్నకూ రైల్వేలోనే ఉద్యోగం కాబట్టి ఇల్లు ఖాళీ చేసే బాధ లేదు. అయినా దసరా వెళ్ళింది మొదలు మా నాయనమ్మ ముఖంలో నవ్వు లేదు. మా వరసలోనే చివరి క్వార్టరులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనా డ్రైవరే. అంతకు ముందటి ఏడు రిటైరై కొడుకు దగ్గరే ఉండిపోయాడు. పొద్దున్నే డ్యూటీ బట్టలు వేసుకుని గుమ్మంలో కుర్చీ వేసుకునేవాడు. ఏ ఇంజను కూత వినిపించినా లేచి నిలబడేవాడు. కొన్నాళ్ళకు లేవడం మానేశాడు. ఆ తర్వాత మాట తగ్గింది, తిండి తగ్గింది. ఆ ఎండాకాలం దాటలేదు. మా నాయనమ్మ కళ్ళలో ఆ కుర్చీయే మెదులుతూ ఉండేది.

ఒకనాడు ఆమె పిట్టగోడ మీంచి పక్కింటి అక్కతో మెల్లగా అంటూ ఉంటే విన్నాను. "ఈ మనిషి ఇంటికాడ కూకుంటే ఏటైపోతాడో అని నాకు బెంగగుందే" అంది. పక్కింటి అక్క కూడా మా తెలుగువాళ్ళ పిల్లే. మెట్రిక్ పాసై, పెళ్ళి కుదిరేదాకా ఇంట్లోనే ఉండేది. మా వరస మొత్తానికి అల్లికలో ఆమెదే పెద్ద చెయ్యి, మాటలో ఆమెదే పదును. అలాంటిది ఆ రోజు చేతిలో వరస పూర్తి చేసి, "అచ్ఛా" అని మాత్రం అంది.

నా ఆలోచన వేరే ఉంది. ఆఖరి డ్యూటీ నాడు తాతయ్య మెడలో నేను అల్లిన మఫ్లరు ఉండాలి. ఆ బండి వచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం మీద అందరూ ఉంటారు. అందరూ చూస్తారు. బొగ్గు మసి కనబడకూడదని అక్క మెరూన్ రంగు ఊలు తెప్పించింది. సూదుల మీద ఇరవై నాలుగు కుట్లు వేసి ఇచ్చింది. సీధా ఒక వరస, ఉల్టా ఒక వరస. అంతకంటే తేలిక పని లేదని ఆమె అంది. నిజమే, నేను కాక ఇంకెవరైనా అయితే తేలికే. నాకు మాత్రం ఒక కుట్టు వదులుగా కనిపిస్తే అక్కడి దాకా ఊడదీసేదాన్ని. అంచు కాస్త లోపలికి పోయిందనిపిస్తే మొత్తం ఊడదీసేదాన్ని. బెత్తెడు అల్లడం, జానెడు ఊడదీయడం. ఊలు నలిగి నలిగి పీచులా తయారైంది. "నీ మఫ్లరు మీ తాత రిటైరైన పదేళ్ళకి అవుద్ది" అని అక్క ఎగతాళి చేసింది. రాత్రి పడుకుంటే కళ్ళ ముందు నెలాఖరు తేదీ ఎర్రగా కనిపించేది.

అలా ఉండగా ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి అల్లిక చేతిలోకి తీసుకుంటే కుట్లు ఎక్కువున్నాయి. రెండోసారి లెక్కపెట్టాను. ఎక్కువే. పైన నేను అల్లని వరసలు కొన్ని ఉన్నాయి. అవి వంకర టింకరగా, ఒకచోట బిగిసి, మరోచోట వేలు దూరేంత కంతతో ఉన్నాయి. మా చెల్లెలి పనేనని దాని జడ పట్టుకు గుంజాను. అది ఏడ్చింది. నేను ఆ వరసలు ఊడదీసి, కుట్లు మళ్ళీ ఇరవై నాలుగుకు తెచ్చి పడుకున్నాను. రెండు రోజులు పోయాక మళ్ళీ అదే వింత. మళ్ళీ ఊడదీశాను. తాతయ్య డ్యూటీ దిగి పగలు ఇంట్లో ఉన్న రోజుల్లోనే ఇలా జరుగుతోందని అన్ని లెక్కలు వేసే నాకు తట్టనేలేదు.

శనివారం బడి ఒంటిపూటే. ఆ రోజు వెనక గుమ్మం నుంచి ఇంట్లోకి వచ్చాను. పెరటి వసారాలో తాతయ్య బొగ్గు కుంపటి దగ్గర పీట మీద కూర్చున్నాడు. కళ్ళద్దాలు ముక్కు కొసకు జారి ఉన్నాయి. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఇంజను పిడులు పట్టి కాయలు కాచిన ఆ చేతులతో నా సూదులు పట్టుకుని ఉన్నాడు. పక్కన అక్క నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అంతలా బిగించకు తాతా, అది ఇంజను బ్రేకేటి?"

"ఉండవే. మా ఇనస్పెక్టరు కూడా నన్నిన్ని మాటలన్లేదు."

"ఆయన ముందు ఇన్ని తప్పులు చేసుంటే అనీవోడే."

తాతయ్య నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడలేదని కాదు. కాని అలా భుజాలు కదిలేలా, చిన్నపిల్లాడిలా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఎలా మొదలైందో అక్క తర్వాత చెప్పింది. అప్పట్లో ఊలు ఉండలుగా దొరికేది కాదు, పొడుగాటి చిలపలుగా వచ్చేది. ఎవరైనా రెండు చేతులూ ముందుకు చాపి ఆ చిలపను మణికట్లకు తగిలించుకుంటే, ఎదురుగా కూర్చున్న వాళ్ళు దాన్ని ఉండగా చుట్టాలి. ఒక్క నిమిషం పట్టుకో తాతా అని అక్క ఆయన చేతులకు చిలప తగిలించిందట. ఇక లేవడానికి లేదు, చేతులు కదపడానికి లేదు. అక్క కావాలనే మెల్లగా చుట్టిందట. ఊరికే కూర్చోలేని మనిషి కాబట్టి ఆయనే అడగడం మొదలుపెట్టాడట. ఈ దారం ఆ సూది మీద ఎలా నిలబడుతుంది, ఒకటి జారితే మిగతావి ఎందుకు జారవు అని. సూదులు ఇలా ఇయ్యి అని చివరికి ఆయనే అడిగాడట. ఇదంతా మా నాయనమ్మ బెంగ విన్నాక అక్క పన్నిన పన్నాగం.

అప్పుడు నాకు అదేమీ తెలియదు. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఇది నా మఫ్లరు, నువ్వు పాడుచేస్తున్నావు, కుట్లు ఎక్కువైపోతున్నాయి అని అరిచాను. తాతయ్య అద్దాలు పైకి తోసుకుని నా వైపు చూశాడు.

"నానల్లింది రెండుసార్లు ఎవులో పీకీసినారు. నువ్వేనా?"

లెక్క తప్పింది, అందుకే పీకాను అన్నాను.

"నిజమే, తప్పింది" అన్నాడు. కోపం లేదు, చిన్నబోవడమూ లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సూది మీది కుట్లను బొటనవేలితో ఒక్కొక్కటే జరుపుతూ మాట్లాడాడు. ఆ మాటలు ఇన్నేళ్ళయినా నాకు ఆయన గొంతులోనే వినిపిస్తాయి.

"ఇన్నేళ్ళు ఇంజనెక్కినాను. తప్పు చేస్తే ఎనకాల పెట్టెల్లో ఉన్నోళ్ళు చచ్చిపోతారు. ఒక్కరోజు కూడా తప్పు చేసీ వీల్లేదు. మరిక్కడేటవుద్ది? కంత పడుద్ది. నువ్వు పీకీస్తావు. నాను మళ్ళీ అల్లుకుంటాను. ఎవులికీ దెబ్బ తగల్దు. ఎంత హాయిగుందో నీకేటి తెలుసు గుంటా?"

నాకు అప్పుడు సగమే అర్థమైంది. అయితే ఆయన ఆ కంతలున్న వరసల మీద చెయ్యి వేసి నిమిరిన తీరు చూశాక ఇంక పీకడానికి నాకు చేతులు రాలేదు. ఒక ఒప్పందం చేసుకున్నాం. సగం దాకా నేను అల్లాలి, మిగతా సగం ఆయనది. ఆయన వరసలు నేను ముట్టుకోకూడదు. నా వరసల గురించి ఆయన మాట్లాడకూడదు. నెలాఖరు తరుముకొస్తోంది, ఊడదీయడానికి నాకూ వ్యవధి లేదు. కొన్ని వదులు కుట్లు చూసీ చూడనట్టు వదిలేశాను. ఒళ్ళంతా జిలపెట్టినట్టుండేది, అయినా వదిలేశాను. మా నాయనమ్మ వసారాలోకి టీ తెచ్చి, "మీసాలున్న మనిషివి, ఊలల్లతన్నావేటి? నలుగురూ చూస్తే నవ్విపోతారు" అనేది. అని వంటింట్లోకి వెళ్ళిపోయి కొంగుతో కళ్ళొత్తుకునేది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో నేను తొంగి చూసి తేల్చుకున్నాను. నవ్వుతోంది.

ఆఖరి డ్యూటీ నాడు మేమంతా స్టేషనుకు వెళ్ళాం. డ్రైవరు ఆఖరి బండి తెస్తున్నాడంటే పట్టాల మీద పటాకాలు కట్టడం అప్పటి ఆనవాయితీ. నిజానికి అవి పొగమంచులో ముందు సిగ్నలుందని డ్రైవరుకు తెలియడానికి పెట్టేవి. చక్రం ఎక్కగానే ఢామ్మని పేలతాయి. ఆ రోజు అవి వరసగా పేలుతూ ఉండగా తాతయ్య బండి వచ్చి, ఆగవలసిన గుర్తు దగ్గరే ఆగింది. దండలు వేశారు. మెరూన్ మఫ్లరు మెడలో ఉంది. నేను అల్లిన కొస సన్నగా, నిటారుగా ఉంది. ఆయన అల్లిన కొస కుట్లు పెరిగి పెరిగి చేటంత వెడల్పైంది. నా కొస లోపలికి దోపుకుని ఆ చేట కొసనే ఆయన గుండెల మీదికి వేసుకున్నాడు. షెడ్డువాళ్ళు ఇదేటిదని అడిగితే, "ఇది నానల్లిందే" అని ఒక్కొక్కరికీ పట్టుకుని చూపించాడు. రేపటి నుంచి స్వెటర్ల షెడ్డు తెరుస్తావేటని ఒకాయన వేళాకోళం చేశాడు. ఆర్డరిస్తే నీకూ అల్లుతాను, చేతులు రెండూ ఒకే పొడవుంటాయని మాత్రం చెప్పలేనన్నాడు తాతయ్య.

మరునాడు పొద్దున్నే అసలు పరీక్ష. ఇల్లంతా దండల పూల వాసన. తాతయ్య వసారాలో కూర్చున్నాడు. వెళ్ళడానికి డ్యూటీ లేదు. ఎప్పుడూ ఆయన తీసుకెళ్ళే బండి ఇంకెవరి చేతిలోనో యార్డు దాటుతూ కూత వేసింది. వంటింట్లో మా నాయనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నేను పుస్తకం మీంచి తలెత్తలేదు గాని, చదవడం ఆపేశాను. తాతయ్య ఆ కూత పూర్తయ్యేదాకా విన్నాడు.  ఆ తర్వాత లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్ళి పక్కింటి అక్కను పిలిచాడు.

"అమ్మా, స్వెటరుకి చంక కాడ కుట్లు తగ్గించాలంటే ఎలగే?"

మా నాయనమ్మ గరిటె మళ్ళీ కదిలింది.

ఆ తర్వాత ఆయన చాలాకాలం ఉన్నాడు. మా ఇంట్లో అందరికీ స్వెటర్లు అల్లాడు. ఒక్కటీ కొలతకు సరిపోలేదు, అందరం వేసుకున్నాం.

నేను లెక్కలు చెప్పే టీచరుగా చేశాను. తప్పు కనబడితే ఎర్ర సిరాతో గీత గీయడమే నా బతుకైంది. రిటైరైన ఏడాది, మా తాతయ్య రోజూ అనుభవించిన ఆ హాయి నాకూ కావాలనిపించి, ఏమీ తెలియని ఒక పని వెతుక్కుని హార్మోనియం కొనుక్కున్నాను. పక్క గదిలో నా మనవరాలు చెవులు మూసుకుని, "నానమ్మా, సుర్ గలత్ హై" అంటుంది. దాని తెలుగు అంతంతమాత్రమే గాని చెవి మాత్రం చురుకు. గలతే, స్వరం తప్పిందని నాకూ తెలుసు. ఇంట్లో పాలవాడి లెక్క, కరెంటు బిల్లు, పుట్టినరోజులు అన్నీ నా దగ్గర సరిగ్గానే ఉంటాయి. ఈ ఒక్క చోట మాత్రం నా వేలు ఉండవలసిన మెట్టు మీద ఉండదు. అపశ్రుతి పలుకుతుంది. ఎవరికీ దెబ్బ తగలదు. భుజాలు వదులు చేసుకుని మళ్ళీ మొదటి స్వరం నుంచి మొదలుపెడతాను.