చుక్క ముంగటికి

పోయిన నెల మనవరాలు ఇనుప పెట్టెలోంచి వాళ్ల తాత కెమెరా బయటికి తీసి, దాంతోనే ఫోటోలు తీస్తానని పట్టుబట్టింది. పైనుంచి తొంగి చూసే పాతకాలపు కెమెరా అది, చూడటానికి ఒక కన్ను, ఫోటో తీయడానికి ఇంకో కన్ను. ఫోటో తీసే కంటికి బూజు పట్టింది. తుడుద్దామని అద్దాలు విప్పాను, అప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు.

గద్వాలలో మాకు స్టూడియో ఉన్న రోజుల్లో అద్దాలు తుడిచే పని నాదే. మా ఆయన అరచేతులకు చెమట ఎక్కువ, ముట్టుకుంటే మరక పడేది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీర ముక్కను స్పిరిటులో తడిపి నేను తుడిస్తే, బిగించడం ఆయన చూసుకునేవారు. నడిమి అద్దం రెండు వైపులా గుంటగానే ఉంటుంది, లోతులో కొంచెమే తేడా, ఏది ఎటో తెలియదు. అందుకని దాని అంచుకు ఒక పక్కన పెన్సిలు చుక్క పెట్టుకున్నారు. ఒక వానాకాలం అమరచింతలో పెళ్లి ఫోటోలకు అడిగి తెచ్చుకున్న ఇంకో కెమెరాతో వెళ్తూ, "ఈసారి నువ్వే బిగించు, చుక్క ముంగటికి ఉండాలె" అని చెప్పి పోయారు.

ఆయనకు ముంగట అంటే ఎదుట కూర్చునే మనిషి. కెమెరా వీపు తెరిచి ఒళ్లో పెట్టుకున్న నాకేమో ముంగట అంటే నా వైపు.

ఆ తర్వాత దీంతో ఆయన తీసిన ముఖాలన్నీ మసకగా వచ్చాయి. చూసే కన్ను వేరు కాబట్టి అందులో అంతా బాగానే కనిపించేది. "నా చూపే తప్పుతుందేమో" అన్నారు. నేను ఊరుకున్నానా? "వయసు మీద పడ్తుంది, కండ్లద్దాలు పెట్టిచ్చుకోరాదు" అని నవ్వాను. వనపర్తి పోయి పెట్టించుకున్నారు, అయినా మసకే. ఏడాది తిరక్కుండా కెమెరా పెట్టెలో పెట్టేసి, ఫోటోలకు పటాలు కట్టే పనిలో కూర్చున్నారు.

ఇప్పుడు మనవరాలు ఫోనులో ఈ కెమెరా అద్దాల అమరిక బొమ్మ చూసి, "అవ్వా, నడిమిది ఉల్టా ఉంది" అంది. నేనే అట్లా పెట్టానా, ఆ తర్వాత ఆయనే ఎప్పుడైనా విప్పారా? నిజంగానే చూపు తగ్గిందా? బస్సు బోర్డు మీద నాగర్‌కర్నూలును వనపర్తి అని చదివారొకసారి. అది ఆ వానాకాలానికి ముందా, తర్వాతా? ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు.

అద్దం తిప్పి బిగించాను. హైదరాబాదుకు పంపిన రీలు నిన్న కడిగి వచ్చింది. ప్రతి ముఖంలో కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. పిల్ల ఎగిరి గంతేసింది, నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆయన పోయి ఆరేళ్లయింది, నీ కళ్లు బాగానే ఉన్నాయని ఎవరితో చెప్పను? ఈ రోజుల్లో ఫోటో మసకగా వస్తే ఫోనును తిడుతున్నారు. ఆ రోజుల్లో మనిషి తన కళ్లనే తిట్టుకునేవాడు, పక్కనున్న వాళ్లం అవునవునని నవ్వేవాళ్లం.