జనార్ధనరావు విమానానికి బ్యాటరీ

మునిరాజు రోజూ తెల్లవారగానే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, వాకిట తులసమ్మ ముందు ఊదుబత్తి వెలిగించేవాడు. దండం పెట్టుకున్నాక వెంటనే లోపలికి పోయేవాడు కాదు. పొగ ఏ పక్కకు వాలుతుందో చూసేవాడు. తిన్నగా పైకి పోతే బొమ్మ విమానం ఎగరేయడానికి మంచి పొద్దు. చెదిరిపోతే ఆ పూటకు వద్దు. ఎగరేయడం మానేసి నెలలు గడిచినా ఆ చూడటం మాత్రం మానలేదు. చూసి, ఏమీ అనుకోకుండా చెప్పులేసుకుని కంపెనీ బస్సు ఎక్కేవాడు.

సూళగిరి పక్కన సేద్యం చేసుకునే కుటుంబం వాళ్ళది. అన్న శ్రీరామప్ప పొలం చూసుకుంటే, మునిరాజు హోసూరులో కాపురముండి ఒక కంపెనీలో లేతు మిషను మీద పని చేసేవాడు. పక్క మిషను జనార్ధనరావుది. నెల్లూరు నుంచి బతుకుతెరువుకు వచ్చిన మనిషి. బెంగుళూరు నుంచి తేలిక చెక్క తెచ్చి, రెండు మూరల రెక్కలతో తానే ఒక విమానం చేసుకున్నాడు. దాని ముక్కున పిడికెడంత ఇంజను. స్పిరిటులో ఆముదం కలిపి పోసి, ప్లగ్గు ఎర్రబడేదాకా వేడిచేసి పంకా తిప్పితే, కందిరీగల తుట్టె కదిలినట్టు అరిచేది. ఆదివారమైతే ఇద్దరూ శ్రీరామప్ప రాగి కోసిన చేనులో ఉండేవాళ్ళు.

ఆముదం మునిరాజు ఇంటిది. సొంత గింజలు గానుగాడించి తెచ్చింది కదా అని, చెప్పినదానికన్నా కొంచెం ఎక్కువే పోసేవాడు.

"చాలయ్యా మునిరాజూ, ఇంజనుకు పోస్తున్నావా, బాలింతకు పోస్తున్నావా?" అని నవ్వేవాడు జనార్ధనరావు.

"మా సేని ఆముదమన్నా ఇది. ఎక్కువైనా ఏమీ కాదు."

రెండువేల ఏడో సంవత్సరం ఎండాకాలంలో ఒక ఆదివారం, ఇంజను తిప్పి లేవబోతూ జనార్ధనరావు అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు. టిఫిన్ క్యారియరు పెట్టుకుని చింతచెట్టు నీడన కూర్చున్న ఆయన భార్య గౌరి పరుగెత్తుకొచ్చింది. పక్క తోటలో మామిడికాయలు ఎత్తుకుంటున్న వ్యానువాడు, ఎక్కించిన బుట్టలన్నీ దించేసి మనిషిని ఎక్కించుకున్నాడు. అంతసేపూ విమానం గట్టుకు ఆనుకుని అరుస్తూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. కృష్ణగిరి ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

మునిరాజు ఏడవలేదు. పాడె మోశాడు, మూడోనాటి కార్యానికి కావలసినవన్నీ తెచ్చాడు, మర్నాడు పనికి పోయాడు.

"ఒకసారి ఏడ్చేయప్పా," అనేది భార్య అంబిక. "లోపలే పెట్టుకుంటే రాయయిపోతావు."

"వస్తే ఏడ్వనా?" అనేవాడు. అబద్ధం కాదు. అన్నం తింటే ఉప్పు తెలిసేది కాదు, మానేస్తే ఆకలి తెలిసేది కాదు.

రాగి కోతలు అయిపోయాక గౌరి ఆ విమానాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చింది.

"నెలాఖరుకు మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతున్నానన్నయ్యా. దీన్ని మీరే ఉంచుకోండి. పోయేలోపు ఒక్కసారి ఎగిరితే చూడాలనుంది. కానీ ఆ చప్పుడు మాత్రం మళ్ళీ నేను వినలేను."

"చప్పుడు లేకుండా చేస్తాలేమ్మా," అన్నాడు మునిరాజు.

ఆ మాట కోసం బెంగుళూరు పోయి చిన్న కరెంటు మోటారు, బ్యాటరీ, వేగం సరిచేసే పెట్టె తెచ్చాడు. ఇంజను, ట్యాంకు ఊడదీశాడు. ట్యాంకు గూటిలో బ్యాటరీ సరిపోయింది. మోటారు కూర్చోవడానికి లేతు మీద ఒక బిళ్ళ చేసుకుని, ముక్కున ఉన్న చెక్కకు గట్టి జిగురుతో అంటించాడు. మరునాడు అంబిక తోక పట్టుకుంటే మోటారు తిప్పి చూశాడు. పంకా మూడు చుట్లు తిరిగిందో లేదో, మోటారు బిళ్ళతో సహా ఊడి ఆయన ఒళ్ళో పడింది.

అంబిక ఆ చెక్కను వేలితో రుద్ది వాసన చూసింది.

"ఆముదం తాగి తాగి ఉంటే జిగురు యాడ పట్టుకుంటాదప్పా? మీరిద్దరూ పోసిందంతా ఈడే ఉంది."

మునిరాజు ఇంక దీన్ని కోసి పారేయాల్సిందే అన్నట్టు రంపం అందుకున్నాడు. అంబిక చెయ్యి పట్టుకుని ఆపింది. దేవుడి మందసం చెక్కకు దీపం నూనె ఇంకితే తన పుట్టింట్లో పిండి మెత్తి లాగేవాళ్ళు. బియ్యప్పిండి మందంగా మెత్తి ఎండలో పెట్టింది. సాయంత్రానికి పిండి పచ్చబారింది. గీకేసి మళ్ళీ మెత్తింది. అట్లా వారమంతా, తన పనుల మధ్య, అడగకుండానే చేసింది. పిండి తెల్లగానే ఉండిపోయిన రోజున ముక్కుకు కొత్త చెక్కపలక అంటించి, దాని మీద మోటారు బిళ్ళ పెట్టి నాలుగు మరలు కూడా బిగించాడు మునిరాజు. రెక్క కింద రెండు వేళ్ళు ఆనించి ఎత్తితే తోక కిందికి వాలింది. మోటారు ఇంజనంత బరువు లేదు. బ్యాటరీని ముందుకు జరిపాడు. నిలబడింది.

ఆదివారం గౌరిని పిలుచుకుని సూళగిరి బస్సెక్కాడు. చేతుల్లో విమానం చూసి కండక్టరు నవ్వాడు.

"ఏమప్పా, ఇమానం చేతిలో పెట్టుకోని బస్సెక్కినావే? అది మోసుకోని పోదా నిన్ను?" అని, రెక్క విరగకుండా ముందు సీటు ఖాళీ చేయించి ఇచ్చాడు.

చేనులో మునిరాజు ఎడమచేత్తో విమానాన్ని నడిపే రేడియో పెట్టె పట్టుకుని, కుడిచేత్తో విమానాన్ని గాలికెదురుగా విసిరాడు. కొంచెం దిగి, సర్దుకుని, పైకి పోయింది. కుట్టుమిషను తిరిగినంత చప్పుడు, అదీ కాసేపే. చింతచెట్టు మీదుగా తిరిగి వచ్చింది. గౌరి ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆయన చూసుంటే ఎంత సంతోషించేవారో!" అంది.

మునిరాజు చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. గుండెలో ఏదైనా కదులుతుందేమోనని చూసుకున్నాడు. కదలలేదు. మాట నిలబెట్టుకున్నాను, అంతే అనుకున్నాడు. మెల్లగా దించి, బ్యాటరీ తీసేశాడు.

రోడ్డు దాకా నడిచి బస్సు కోసం నిలుచున్నారు. దూరంగా బస్సు కనిపించాక ఆయన నోరు విప్పాడు.

"అమ్మా, నాకొక ఉపకారం చెయ్యాల నువ్వు."

"చెప్పండన్నయ్యా."

"ఊరికి పోయినాక ప్రతి ఆదివారం పొద్దున నా సెల్లుకు ఒక మిస్డ్ కాల్ ఇస్తావా? నేను ఎత్తను. నువ్వు మాట్లాడే పని లే. అన్న లేకుండా ఆ పొద్దు ఎట్ల గడపాలో నాకు తెల్డం లేదమ్మా. ఒకసారి మోగితే చాలు."