ఏటి అన్నాను

కథ మొదలుపెట్టే ముందు నేను కాగితం మధ్యలో సున్నా చుట్టి 'ఏటి' అని రాస్తాను. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా అలాగే రాస్తాను.

ఆ సున్నా నేర్పింది టెక్కలిలో జరిగిన కథల వర్క్‌షాప్‌లో ఒక మాస్టారు. ఆలోచనలు రావాలంటే బుర్రను ప్రశ్నలతో కెలకాలన్నారాయన. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎందుకు. ఒక ప్రశ్నను సున్నాలో పెట్టి, చుట్టూ తోచిందల్లా ఆపకుండా రాయమన్నారు. నేను 'ఏమిటి' అని రాసుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క తోచలేదు. మా ఉద్దానంలో ఆ మాటతో నన్నెవరైనా ఏదైనా అడిగితే కదా తోచడానికి!

కొట్టేసి మా యాసలో 'ఏటి' అని రాశాను. ఇక పెన్ను ఆగలేదు. బడి నుంచి ఏడుస్తూ వస్తే, ఒడ్డున చేపలు ఎండబెడుతున్న అమ్మ "ఏటయిందే? ఎవులేటన్నారు?" అని అరవడం గుర్తొచ్చింది. తుఫాను తెల్లవారి, కూలిన కొబ్బరిచెట్ల మధ్య నాన్న "ఇంకేటుంది?" అని చతికిలబడడం గుర్తొచ్చింది. కథ దొరికింది.

మాస్టారు వచ్చి ఎర్రపెన్నుతో 'ఏటి' కొట్టేశారు. "ఏ ఏటి గురించమ్మా? వంశధారా, నాగావళా?" అన్నారు. అందరూ నవ్వారు. కథ బాగుందట, భాష మార్చి తెస్తే సంకలనంలో వేస్తారట. నాకు ఒళ్లు మండింది గానీ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. నా కథ అచ్చులో చూసుకోవాలని నేనెంత తపించానో ఆమెకు తెలుసు. అయినా నా చిన్నప్పుడు ప్రతి ఏడుపుకీ చివర్న అడిగినదే అడిగింది.

"మరి నువ్వేటన్నావు?"

"ఏటీ అన్లేదమ్మా."

"అన్లేదా! మరెందుకే ఆ రాయడం?"

ఆ మాట చురుక్కుమంది. మర్నాడు అందరి ఎదుటే వెళ్లి, ఎర్ర గీత పక్కనే మళ్లీ 'ఏటి' అని పెద్దగా రాసి కాగితం మాస్టారి ముందు పెట్టాను. వేస్తే ఇలాగే వేయండి, లేకపోతే మానేయండి అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన కుదరదని కాగితం తిరిగిచ్చేశారు. బస్సులో ఏడుపొచ్చింది, అయినా తల దించుకోలేదు.

గుమ్మంలోనే అమ్మ ఎదురైంది.

"ఏసుకుంతారంటా?"

"లేదమ్మా."

"నువ్వేటన్నావు?"

"'ఏటి' అన్నాను."