కుడి వైపు కప్పు

మూడున్నర అడుగుల ఆడమనిషి తొక్కదగిన సైకిలు ఏ అంగట్లో దొరుకుతుందో మీరు చెప్పగలరా?

పిల్లల సైకిలు కొనుక్కోవచ్చు కదా అని మీరు అనబోతారు. మడకశిరలో కృపాకుమారికి ఆ సలహా ఇవ్వని మనిషి లేడు. సలహా ఇచ్చినవారిలో ఒక్కరూ ఆమె కూర్చున్నప్పుడు పరిశీలనగా చూసినవారు కారు. బల్ల మీద మన పక్కన కూర్చుంటే ఆమె తల దాదాపు మన తల ఎత్తునే ఉంటుంది. కురచగా ఉన్నవి కాళ్లూ చేతులూ మాత్రమే. పిల్లల సైకిలు ఎక్కితే మోకాళ్లు హ్యాండిలుకు కొట్టుకుంటాయి, నడుము ముందుకు వాలిపోతుంది, పెద్దమనిషి బరువుకు వెనక చక్రం పుల్లలు తెగిపోతాయి. ఆమె రెండు సైకిళ్లతో ప్రయత్నించి చూసింది. రెండోదాని మీద నుంచి పడినప్పుడు ముందు పంటి మొన విరిగింది. ఆ తర్వాత సలహాలను వినడం మానేసింది.

తల్లి బయమ్మ వేరుశనగ చేలలో కూలికి పోయేది. తండ్రి ఒక రైతు షెడ్డులో పట్టు పురుగులకు ఆకు వేసేవాడు. వాన రాక చేను ఎండిపోయిన ఏళ్లలో కూడా, బోరులో మిగిలిన నీళ్లతో నాలుగు గుంటల మల్బరీ బతికేది. కాబట్టి ఆ ఇంటి తిండి ఎక్కువగా పురుగుల పుణ్యమే. పురుగు పొర వదిలే ముందు ఆకు ముట్టక, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. దానిని ఆ ప్రాంతంలో జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగుకూ రోగం తగిలిన పురుగుకూ తేడా తెలియక పంట మొత్తం పోగొట్టుకున్న రైతులు ఎందరో ఉన్నారు. కృపాకుమారి ఆ తేడాను తండ్రి వెంట తట్టల మధ్య తిరుగుతూ నేర్చుకుంది. పాలు కారే రోగం ఒక్క తట్టలో కనిపించిన రోజే ఆమెను పిలిస్తే మిగిలిన తట్టలు దక్కుతాయని చుట్టుపక్కల ఊళ్లకు తెలుసు. పిలవడమే కష్టం. ఎవరో ఒకరు బండి మీద వచ్చి ఎక్కించుకుపోవాలి, పని అయ్యాక దింపాలి. ఎక్కించుకుపోవడం ఎవరూ మరచేవారు కాదు. దింపడం మాత్రం చాలామంది మరచేవారు.

గత ఏడాది అక్కడి పట్టు రైతుల సంఘం పరిశీలకుల ఉద్యోగం ఒకటి ప్రకటించింది. ఊరూరా తిరిగి షెడ్లు చూడటం, రోగం గుర్తించడం, సున్నమూ మందుపొడీ అందించడం పని. దరఖాస్తు పెట్టినవారు ఇద్దరే: కృపాకుమారి, డిగ్రీ చదివిన అశోక్ అనే యువకుడు. పని ఎవరికి బాగా తెలుసో సంఘంలో అందరికీ తెలుసు. అయినా అధ్యక్షుడు శ్రీరంగప్ప పాత నియమావళి తెరిచి చూపించాడు. పరిశీలకులు స్వయంగా సైకిలు తొక్కగలవారై ఉండవలెను అని అందులో ఉంది. మోటారు సైకిళ్లు ఇంటింటికీ రాని కాలంలో ఎవరో రాసిన వాక్యం అది. అశోక్‌కు మోటారు సైకిలు ఉంది కనుక అతన్ని ఎవరూ సైకిలు తొక్కి చూపమనలేదు. ఒకే నిబంధనను ఒకరికి వర్తింపజేసి మరొకరికి వదిలేయడాన్ని వివక్ష అనక మరేమంటారు? ఒక న్యాయ సహాయ శిబిరంలో ఆమె ఈ సంగతి చెప్పినప్పుడు నేను అక్కడికక్కడే నోటీసు ముసాయిదా రాసి చదివి వినిపించాను. ఆమె చివరి దాకా ఓపికగా విన్నది.

"కేసు గెలిస్తే మంచిదే లాయరమ్మా. మరి ఊర్లకు కేసు మీద కూర్చోని పోవల్లా?"

నిబంధనే రద్దవుతుందని చెప్పాను.

"నిబంధన పోతాది. దూరం పోదు గదా."

నోటీసును సంచిలో పెట్టుకోక తప్పలేదు. సంఘం ఆమెకు తర్వాతి సమావేశం దాకా గడువు ఇచ్చింది. ఆ గురువారం ఆమె సైకిలు తొక్కి చూపాలి. లేదంటే ఉద్యోగం అశోక్‌ది.

ఆ గడువులోనే ఆమెకు పాత ఇనుము అమ్మే గుజిరీ అంగట్లో, విరిగిన కూలర్ల కింద, ఒక ఆకుపచ్చ సైకిలు ఫ్రేము కనిపించింది. బెంగళూరు తుక్కు లారీలో వచ్చిందని అంగడివాడు చెప్పాడు. చక్రాలు లేవు, హ్యాండిలు లేదు, కంపెనీ పేరు ఎక్కడా లేదు. గొట్టాలు కలిసే చోట్లన్నీ ఇత్తడితో అతికి, ఆకురాయితో నునుపుగా రాచి ఉన్నాయి. ఆమె దానిని నిలబెట్టించి, కాలు అటు వేసి నిలుచుంది. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాయి. చేతులు చాపితే హ్యాండిలు ఉండవలసిన చోటు అందింది. బేరమాడకుండా కొన్నది.

చిన్నాయన యేసన్నకు బస్టాండు వెనక సైకిలు షాపు ఉంది. ఫ్రేమును చూడగానే ఆయన పెదవి విరిచి, యాడిదమ్మా ఈ పిల్లల సైకిలు అన్నాడు.

"పిల్లలది కాదు చిన్నాయనా. మనిషిదే. కొలతలు చూడు."

ఆయన జానలు వేసి కొలిచాడు. సీటు గొట్టం చిన్నపిల్లల సైకిలుకంటే పొట్టిగా ఉంది. సీటు నుంచి హ్యాండిలు దాకా పోయే గొట్టం మాత్రం దానికంటే బాగా పొడవు. 

"నీ మాదిరి మనిషి ఎవరో ఒళ్లు కొలిపించుకోని చేయించుకున్నట్టుండాది," అన్నాడు. "రైక కుట్టించుకున్నట్టు."

సమస్య అక్కడే మొదలైంది. ఒకరి ఒంటికి కుట్టిన దానికి అంగడి సరుకు అతకదు. చక్రాలు ఒక మడత సైకిలువి సరిపోయాయి కానీ ముందు ఫోర్కుకు బ్రేకు అందలేదు. బ్రేకు పట్టీని సాగదీసి కొత్త రంధ్రం వేయవలసి వచ్చింది. హ్యాండిలు కాడ సన్నమైంది. దానికి రేకు తొడుగు వేశాడు. పెడళ్ల ఇరుసు కొనలు నలుచదరంగా ఉన్నాయి. ఊళ్లో సైకిళ్లన్నిటివీ పిన్ను కొట్టే గుండ్రటి కొనలు. అంత కురచ పెడలు కాడలు, అవీ చదరపు కొనకు తగినవి, కుందుర్పిలో ఎవరో పారేసిన పిల్లల గేరు సైకిలుకు ఉన్నాయని తెలిసి యేసన్న బస్సులో పోయి విప్పుకొచ్చాడు. ఆమె రోజూ షాపుకు వచ్చి పాత గొలుసును కిరసనాయిల్లో కడిగేది. ఎదురుగా టీ తాగేవాడొకడు ఈ సైకిలు ఊరికా, సర్కసుకా అని అడిగాడు.

"సర్కసుకే అన్నా. కోతి ఒకటి తక్కువైంది, వస్తావా?" అని ఆమె తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

మంగళవారం నాటికి మిగిలింది ఒక్క పని. పెడళ్ల ఇరుసును అటూ ఇటూ పట్టి ఉంచే కప్పులు రెండింటినీ విప్పి, లోపల తుప్పు కడిగి, కొత్త బేరింగు గుండ్లు వేయాలి. ఎడమ కప్పు సులువుగా వచ్చింది. కుడి కప్పు కదల్లేదు.

మర అన్నది ఎక్కడైనా ఎడమకు తిప్పితే వదులవుతుంది, కుడికి తిప్పితే బిగుస్తుంది. సైకిలు కుడి కప్పు మాత్రం ఇందుకు వ్యతిరేకం. దానిని షాపుల్లో ఉల్టా మర అంటారు. యేసన్న పనిలో చేరిన కొత్తలో గురువు తల మీద మొట్టి నేర్పిన మొదటి పాఠం అదే. తర్వాత తానూ ఎందరికో మొట్టి నేర్పాడు. అందుకని ఆయన పానా తగిలించి కుడికి తిప్పాడు. కదలకపోతే కిరసనాయిలు పోశాడు. అప్పటికీ కదలకపోతే పానాకు ఇనప గొట్టం తొడిగి, ఒంటి బరువంతా వేశాడు. కృపాకుమారి ఎదురుగా చిన్న పీట మీద కూర్చుని రెండు చేతులతో ఫ్రేమును పట్టుకుంది. కప్పు ఆమె కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంది.

కిర్రుమని కొంచెం తిరిగింది. వస్తాండాది అని యేసన్న మళ్లీ బరువు వేశాడు. మరికొంచెం తిరిగింది. ఆయన నుదుటి చెమట ఫ్రేము మీద పడుతోంది. మూడోసారి గొట్టం పట్టుకున్నప్పుడు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపు చిన్నాయనా. అది బయటికి వస్తాలేదు. లోపలికి పోతాండాది."

కప్పు అంచు చుట్టూ ఉన్న తుప్పు గీత అప్పటికే గొట్టం లోపలికి దిగిపోయింది. యేసన్న నమ్మలేదు. వేలితో తడిమాక నమ్మాడు. పానాను అటు నుంచి తీసి, ముప్పాతిక భయంతో, ఎడమకు తిప్పాడు. కప్పు వచ్చింది. దానితోపాటు మర తీగల్లా చుట్టుకుని ఊడిన ఉక్కు పొరలు కూడా వచ్చాయి.

ఆ ఫ్రేముకు రెండు వైపులా సీదా మరే. ఏ దేశపు పద్ధతిలో చేశారో మరి. యేసన్న గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నా చేతులతో నేనే పోగొడితినే అని ఒక్కసారి అన్నాడు. ఆమె కప్పును బట్టలో తుడిచి, చెడింది దాని మరేనా, ఫ్రేము లోపలిది కూడానా అని అడిగింది. చాలా మటుకు కప్పుదే. లోపలి మర తొలి రెండు చుట్లు మాత్రమే పోయాయి. షాపులో ఉన్న కొత్త కప్పులన్నీ పెట్టి చూశారు. ఒక్కటీ నిలవలేదు, ప్రతిదీ కుండలో గరిటెలా కదిలింది.

ఇక దారులు మూడు. బెంగళూరులో విదేశీ సైకిళ్లు బాగుచేసే ఒక షాపువాళ్లు ఫోనులో ఆ రకం కప్పు దొరుకుతుందన్నారు. అయితే ఫ్రేమును చూడకుండా ఇవ్వలేమనీ, శుక్రవారం దాకా తీరిక లేదనీ చెప్పారు. పక్కనున్న వెల్డింగు షాపు జాకబ్, కప్పులు పట్టే ఆ నడిమి గొట్టాన్నే కోసేసి మామూలు సైకిలుది అతికిస్తానన్నాడు. ఒక పూట పని. అయితే సన్న గొట్టాలకు అంత వేడి తగిలితే ఎంత కాలం నిలుస్తుందో తాను చెప్పలేనన్నాడు. మూడోది యేసన్నది. కూల్‌డ్రింకు డబ్బా రేకును పట్టీగా కత్తిరించి, చెడిన కప్పుకే చుట్టి, బిగించి కొట్టడం.

గురువారం దగ్గరికి వచ్చింది కనుక మూడోదే చేశారు. బుధవారం సాయంత్రం ఆమె షాపు ముందు సైకిలు ఎక్కింది. మోకాళ్లు దేనికీ తగల్లేదు. నడుము నిటారుగా ఉంది. వీధి చివర దాకా పోయి తిరిగి వచ్చింది. చూడటానికి వచ్చిన నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆమె మాత్రం దిగి, వెంటనే కింద కూర్చుని, కుడి కప్పును చూసింది. తొక్కిన తొక్కుడుకు అది ఒక చుట్టు బయటికి వచ్చింది. మళ్లీ బిగించారు. మళ్లీ తొక్కింది. మళ్లీ వచ్చింది.

మరునాడు సంఘం ఆవరణలో సభ్యులు చెట్టు లేక, గోడ నీడన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. శ్రీరంగప్ప సైకిలు చుట్టూ తిరిగి, మెచ్చుకోలుగానే తల ఊపాడు.

"బాగుండాది కృపా. గేటు దాకా పోయి రా, చాలు. నీ పేరే రాసేస్తాం."

నిబంధన తొక్కగలగాలని మాత్రమే చెబుతోంది. ఎంత దూరమన్నది చెప్పదు. గేటు దాకా ఒక్క చుట్టు చట్టానికి పూర్తిగా చాలు. ఈ మాటే నేను ఆమె చెవిలో చెప్పాను. వెనక నిలుచున్న యేసన్న, పో తల్లీ, తర్వాత చూసుకుందాం అన్నాడు. ఆమె హ్యాండిలు పట్టుకుంది, సీటు పక్కన నిలుచుంది, అక్కడే ఆగిపోయింది. 

"గేటు దాకా అయితే పోతాది పెద్దాయనా. గేటు దాటితే పోదు."

ఆమె కుడి కప్పును వేలితో చూపించి, రేకు పట్టీ సంగతి దాచకుండా చెప్పింది. శ్రీరంగప్పకు విసుగు వచ్చింది. ఈ పొద్దు గేటు దాటమని నిన్నెవరడిగినారమ్మా అన్నాడు.

"షెడ్లన్నీ గేటుకవతలే గదా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. శ్రీరంగప్ప కుర్చీలో వెనక్కి వాలి, తాను చెడ్డవాణ్ని కాననీ, పిల్ల పురుగులు సోమవారమే రైతులకు పంచుతున్నారనీ, పురుగులు ఎవరి సైకిలు కోసమూ ఆగవనీ, ఈ రోజు తొక్కకపోతే అశోక్ పేరు రాయక తప్పదనీ చెప్పాడు. అశోక్ లేచి, తన బండి మీద అక్కను కూడా షెడ్లకు తీసుకుపోతానన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

 ఆమె సైకిలుకు స్టాండు వేసి, సభ్యుల వైపు తిరిగింది.

"ఈ పంటకు అశోక్‌నే పెట్టుకోండి. మంచోడు, నేర్చుకుంటాడు. తట్టలో అనుమానం వస్తే నాకు ఫోను చేయమనండి, చెప్తా. నా సైకిలు సరిగ్గా అయినాక వస్తా. అప్పుడు నన్ను ఈ ఆవరణలో కాదు, కుందుర్పి రోడ్డు మీద చూడండి."

ఆమె తొక్కలేదు. సైకిలును నడిపించుకుంటూ షాపు దాకా వచ్చింది. అక్కడ జాకబ్ కటింగు మిషను సిద్ధం చేసుకుని, ఇప్పుడైనా కోసేద్దామా అని అడిగాడు. యేసన్న ఆమె ముఖం చూశాడు. ఆమె పానా అడిగి తీసుకుని, కుడి కప్పును ఎడమకు తిప్పి తానే విప్పింది. చక్రాలు తీసి చిన్నాయనకు అప్పగించింది. ఫ్రేమును కోయనివ్వదు. దానికి తగిన కప్పు కోసం, ఉద్యోగం ఒక పంట ఆలస్యమైనా, అసలే దక్కకపోయినా, మరునాటి బస్సులో దానిని తానే బెంగళూరుకు తీసుకుపోతుంది.