ఇంటి లెక్క కాదు, బోటు లెక్క

గజ్జి అనే మాట ఫిషింగ్ హార్బర్ వెనక వీధుల్లో ఎవరూ పైకి అనరు. ఉప్పునీటి దురద అంటారు. అక్కడ ఏఎన్‌ఎంగా పదేళ్లు తిరిగినదాన్ని, నాకా వంకలు కొత్త కాదు.

ఒక సరంగు భార్య, అంటే బోటు నడిపేవాడి ఇల్లాలు, కూతుర్ని తీసుకుని మూడోసారి వచ్చింది. పిల్ల వేళ్ల సందుల్లో మళ్లీ పొక్కులు. మురికి పిల్లని బడికి పంపొద్దని టీచరమ్మ అందరి ముందూ అందట. ఇక బడి మాన్పించేస్తారేమోనని తల్లి భయం.

"రోజూ ఏణ్నీళ్లు కాసి తానం సేయిత్తన్నాను మేడమ్. ఇంకేటి సెయ్యాలి నాను?" అంది.

నాకు కోపమొచ్చింది, ఆమె మీద కాదు. మందిచ్చింది నేనే, ఇంటిల్లిపాదీ ఒకేరోజు మెడ నుంచి పాదాల దాకా రాసుకోమన్నదీ నేనే.

ఆ నెల మీటింగులో ఏరియాలవారీగా గజ్జి కేసుల మ్యాపు పెట్టారు. కంచరపాలెంలో ఇంటి నుంచి పక్కింటికి పాకింది. మధురవాడలో హాస్టల్ గది నుంచి గదికి. మాది మాత్రం చెల్లాచెదురు: ఇక్కడొక ఇల్లు, నాలుగు వీధుల అవతల మరొకటి. మావాళ్లకు శుభ్రత లేదని పై ఆఫీసరు తేల్చేశాడు. నేను ఊరుకునే రకం కాదు. మర్నాడు ఇల్లిల్లూ తిరిగి ఒక్కటే అడిగాను, మీ ఆయన ఏ బోటు మీద వెళతాడని.

జబ్బున్న ఇళ్లన్నీ రెండే బోట్లవి. వేటకెళితే పది పదిహేను రోజులు సముద్రం మీదే. ఎవరి దుప్పటి వాళ్లు మోసుకెళ్లరు, బోటులో ఉన్న బొంతల్లోనే వంతులవారీగా పడుకుంటారు. నేను మందిచ్చిన రోజుల్లో ఆ మగాళ్లు వేటలో ఉన్నారు. ఇళ్లు లెక్కపెట్టి బోట్లను మర్చిపోయాను.

వేసవిలో వేట నిషేధం రాగానే బోట్లన్నీ జెట్టీకి చేరాయి. బోటువారీగా లిస్టు రాసి, బోటులో పనిచేసే కళాసీల దగ్గర్నుంచి వాళ్ల అత్తల దాకా అందరికీ ఒకేరోజు మందు పట్టించాను. వారానికి మళ్లీ. ఏ బోటు బొంతలు ఆ బోటు సరంగు చేతే మరిగే నీళ్లలో వేయించాను. గొణిగారు గానీ వేశారు.

తర్వాత ఆ బోట్లు ఎన్నిసార్లు వెళ్లొచ్చినా పొక్కు కనబడలేదు. ఇది నా గొప్పే, చెప్పుకుంటాను. కానీ నేను ఎక్కువగా తలుచుకునేది బళ్లు తెరిచిన రోజుని. ఆ తల్లి నన్నూ వెంట రమ్మంది. తరగతి గుమ్మంలో ఆమె పిల్ల చేతులు తిప్పితిప్పి టీచరమ్మకు చూపించింది. ఆపైన, ఎవరూ అడక్కుండానే, తన చేతులూ ముందుకు చాపింది.

"నాయి కూడా సూసుకోండి మేడమ్," అంది.

టీచరమ్మ చూడలేకపోయింది.